శాసనాలు, తాళపత్రాలు, డిజిటల్ హ్యుమానిటీస్: తిరుపతి నుంచి ఈ చదువులోకి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పీజీ అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, పలమనేరు వైపు నుంచి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కొన్ని పిల్లలవి, కొన్ని వాళ్ల అమ్మానాన్నలవి. అన్నీ ఒకచోట రాసి పెడితే ఎవరికి కావలసింది వాళ్లు చూసుకుంటారని ఈ పేజీ. ఏ ప్రశ్న నుంచైనా చదవడం మొదలుపెట్టొచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను: ఈ రంగంలో మనిషిని నిలబెట్టేది పాత లిపి, పాత భాష చదవగలగడం. కంప్యూటర్ ఎంత ముఖ్యమైనా దాని తర్వాతే.

## డిగ్రీలో ఉన్నవాళ్ల ప్రశ్నలు

మధ్యయుగం అంటే యూరప్ కోటలూ గుర్రాలూ కదా, మన తిరుపతికి దానితో ఏం పని?

యూరప్ వాళ్లు సుమారుగా 500 నుంచి 1500 దాకా మధ్యయుగం అంటారు. మన దగ్గర పాఠ్యపుస్తకాలు ఎక్కువగా 8వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా చూపిస్తాయి, అందులో మొదటి భాగాన్ని తొలి మధ్యయుగం అంటారు. ఆ లెక్కన పల్లవులు, బాణులు, చోళులు, యాదవరాయలు, విజయనగర రాజులు అందరూ ఇందులోకే వస్తారు, వాళ్లందరి ఆనవాళ్లూ మన చుట్టూ ఉన్నాయి. తిరుమల, తిరుపతి గుళ్ల శాసనాలే వెయ్యికి పైన ఉంటాయి, వాటిని టీటీడీ 1930లలో ఆరు సంపుటాలుగా అచ్చువేసింది. తాళ్లపాక కవుల కీర్తనలు చెక్కిన రాగిరేకులు వేరే. చంద్రగిరి కోట, గుడిమల్లం, శ్రీకాళహస్తి అన్నీ బస్సెక్కితే వచ్చేంత దూరంలోనే. ప్రపంచంలో ఎక్కడో కూర్చుని ఈ శాసనాల మీద పనిచేసేవాళ్లకు లేని వీలు ఇది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

డిజిటల్ హ్యుమానిటీస్ అంటే తాటాకుల్ని స్కాన్ చేసి నెట్లో పెట్టడమేనా?

కాదు. చరిత్ర, భాష, సాహిత్యం లాంటి చదువుల్లోని ప్రశ్నలకు కంప్యూటర్ సాయంతో జవాబులు వెతకడం అది. స్కానింగ్ మొదటి మెట్టు మాత్రమే. 1949లో రొబెర్తో బూసా అనే ఇటలీ జెస్యూట్ ఫాదర్, మధ్యయుగ క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ రచనల్లోని మాటలన్నిటికీ సూచిక తయారుచేయాలని ఐబీఎం సాయం తీసుకున్నాడు, ఈ రంగం మొదలు చెప్పమంటే చాలామంది ఆ కథే చెబుతారు. చూశారా, మొదలే ఒక మధ్యయుగ గ్రంథంతో.

మన దగ్గర ఇది ఎలా ఉపయోగపడుతుందో ఒక ఉదాహరణ. విజయనగర కాలంలో భక్తులు స్వామికి నైవేద్యాల కోసం డబ్బు ఇచ్చేవారు. దేవస్థానం ఆ డబ్బును చాలాసార్లు గుడి మాన్యాల గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి పెట్టేది, దానివల్ల పెరిగిన పంటతో నైవేద్యం జరిగేది, ప్రసాదంలో దాతకు నాలుగో వంతు వాటా వచ్చేది. ఇవన్నీ ఒక్కో శాసనంలో విడివిడిగా ఉన్నాయి. దాత పేరు, ఊరు, ఎన్ని పణాలు (ఆనాటి నాణేలు) ఇచ్చాడు, ఏ చెరువుకు పెట్టారు, ఏ సంవత్సరం, ఇలా ప్రతి శాసనాన్నీ ఒకే పద్ధతిలో పట్టికలోకి ఎక్కించి మ్యాపు మీద పెట్టారనుకోండి, ఏ దశాబ్దంలో ఏ వాగు పక్క సాగు పెరిగిందో అడగొచ్చు. ఆరు సంపుటాలు ఎన్నిసార్లు తిరగేసినా ఒక మనిషి కంటికి అంత సులువుగా అందని ప్రశ్న అది. అలాంటి ప్రశ్న అడగడం కోసమే డిజిటల్ అంతా.

నాది బీఎస్సీ కంప్యూటర్స్, హిస్టరీ అస్సలు చదవలేదు. రావచ్చా?

నిరభ్యంతరంగా రావచ్చు. చాలా యూనివర్సిటీల్లో ఎంఏ హిస్టరీకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, ఆ ఏటి నోటిఫికేషన్‌లో అర్హతలు ఒకసారి చూసుకోండి. మీకు కోడింగ్ వచ్చు కాబట్టి సగం పని అయిపోయిందని మాత్రం అనుకోవద్దు. పైథాన్ అనే కోడింగ్ భాష ఆరు నెలల్లో వస్తుంది, శాసనం చదవడం ఆరు నెలల్లో రాదు. ఎంఏ మొదటి రోజు నుంచే లిపి మీద కూర్చోండి.

ఏ భాషలు నేర్చుకోవాలి? తెలుగు, ఇంగ్లీషు వస్తే చాలదా?

తిరుపతి చరిత్ర మీద పనిచేయాలంటే చాలదు. తిరుమల శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి, మధ్యలో సంస్కృత పదాల కోసం గ్రంథ లిపి అక్షరాలు వస్తాయి. ఇది తెలిసి చాలామంది తెలుగు పిల్లలు నీరుగారిపోతారు. కానీ చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు ఇంట్లోనో వీధిలోనో తమిళం వింటూ పెరిగినవాళ్లు ఎంతమంది లేరు! మాట్లాడడం వస్తే చదవడం, ఆ తర్వాత పాత తమిళం కష్టపడి నేర్చుకోవచ్చు. సంస్కృతం తప్పనిసరి, దానికి తిరుపతిలోనే జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. విజయనగరం మీదికి వెళితే కన్నడం, గోల్కొండ వైపు వెళితే పర్షియన్. జర్మన్, ఫ్రెంచి తర్వాత చూసుకోవచ్చు.

పాత లిపి చదవడం ఇంట్లో కూర్చుని మొదలుపెట్టగలనా?

మొదలుపెట్టగలరు, వెనక్కి నడవాలి అంతే. 16వ శతాబ్దపు విజయనగర తెలుగు శాసనంతో మొదలుపెట్టండి, అందులో అక్షరాలు ఇప్పటివాటికి బాగా దగ్గరగా ఉంటాయి. తర్వాత రెడ్డిరాజులు, కాకతీయులు, తూర్పు చాళుక్యులు, అలా వెనక్కి వెళ్లి ఎప్పటికో ఒకప్పటికి కడప జిల్లా కలమళ్ల దగ్గరికి చేరాలి. 6వ శతాబ్దపు రేనాటి చోళుల శాసనం అది, తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి.

పద్ధతి ఇది. శాసనాలు అచ్చువేసే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పత్రిక పాత సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉన్నాయి. శాసనం ఫొటో, దాని పాఠం రెండూ ఉన్న వ్యాసం ఒకటి తీసుకోండి. పాఠాన్ని కాగితంతో మూసేసి ఫొటో చూసి పంక్తి పంక్తిగా రాయండి, తర్వాత తీసి సరిచూసుకోండి. మొదట్లో మిమ్మల్ని తికమక పెట్టేవి కొన్ని చెబుతాను. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ఎ, ఏ లకూ ఒ, ఓ లకూ తేడా చూపించరు, మీరే సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. వలపలగిలక ఇంకొకటి: ‘ధర్మ’ అని రాయాల్సినచోట ‘ధమ’ అని రాసి ‘మ’ పక్కన చిన్న గిలక పెడతారు, పలికేటప్పుడు ఆ ‘ర్’ ముందుకు వస్తుంది. ఈ మూడూ అలవాటైతే తాటాకులు కూడా కాస్త లొంగుతాయి.

## పీజీ, నెట్

ఎంఏ తిరుపతిలోనే చేయాలా, బయటికి వెళ్లాలా?

ఎంఏ వరకు ఇక్కడే చేయడంలో ఏ నష్టమూ లేదన్నది నా మాట. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది, హిస్టరీతో పాటు ప్రాచీన భారతీయ చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రానికి ప్రత్యేక విభాగం ఉంది. అక్కడి ప్రాచ్య పరిశోధన సంస్థను మొదట 1939లో టీటీడీ పెట్టింది, తర్వాత యూనివర్సిటీ చేతికి వచ్చింది, తాళపత్రాల పని నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆ గుమ్మం తొక్కాల్సిందే. ఆడపిల్లలకు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, కుప్పం వైపు వాళ్లకు 1997లో వచ్చిన ద్రవిడ విశ్వవిద్యాలయం ఉన్నాయి. డిజిటల్ హ్యుమానిటీస్ పేరుతోనే కోర్సు కావాలంటే జాదవ్‌పూర్, ఐఐటీ జోధ్‌పూర్ లాంటి చోట్లకు వెళ్లాలి.

నెట్ ఏ సబ్జెక్టులో రాయాలి? డిజిటల్ హ్యుమానిటీస్ పేపర్ ఉందా?

లేదు. నెట్ అంటే లెక్చరర్ పోస్టులకు, రీసెర్చ్ ఫెలోషిప్‌కి పెట్టే అర్హత పరీక్ష. హిస్టరీ, ఆర్కియాలజీ, తెలుగు, సంస్కృతం, వీటిలో మీ ఎంఏకి తగ్గది రాయాలి. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ సెషన్లు. జేఆర్ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మామూలుగా 30 ఏళ్ల వయోపరిమితి, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీ లేయర్ ఓబీసీలకు ఐదేళ్ల సడలింపు ఉంది. 2024 జూన్ నుంచి పీహెచ్‌డీ అడ్మిషన్‌కి కూడా నెట్ స్కోరు తీసుకుంటున్నారు, అలా వచ్చిన అర్హత ఒక్క ఏడాదే చెల్లుతుంది, కాబట్టి రిజల్ట్ వచ్చాక తీరిగ్గా కూర్చోవద్దు.

జేఆర్ఎఫ్ వస్తే నెలకు ఎంత?

మొదటి రెండేళ్లు 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000, ఇంటి అద్దె అలవెన్సు అదనం. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి. తిరుపతిలో ఉండి చదువుకునేవాళ్లకు ఇది గౌరవంగా బతికే డబ్బు, ఇంటి మీద ఆధారపడక్కర్లేదు. ఒక్కోసారి ఆలస్యంగా జమ అవుతుంది, అందుకని మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోవడం మంచిది.

## పీహెచ్‌డీ

గైడ్ గారు ‘తిరుమల ఆలయ చరిత్ర’ తీసుకోమన్నారు. తీసుకోమంటారా?

గైడ్ గారితో మర్యాదగా కూర్చుని దాన్ని చిన్నది చేయించుకోండి. అంత పెద్ద టాపిక్ తీసుకుంటే ఇంతకుముందు వచ్చిన పుస్తకాల సారాంశం రాయడం తప్ప మరేమీ మిగలదు. ఒక రాజవంశం, ఒక ప్రాంతం, ఒక రకం దానం, ఈ మూడిట్లో కనీసం రెండు ఖాయం చేసుకోవాలి. యాదవరాయల కాలపు భూదానాలు, సదాశివరాయల కాలంలో వ్యాపారులు ఇచ్చిన నైవేద్యాలు, స్వర్ణముఖి వెంట చెరువుల శాసనాలు, ఇలాంటివి. ఇంకో పరీక్ష: మీ టాపిక్‌కి కావలసిన శాసనాల జాబితాను రెండు వారాల్లో రాయగలరా? రాయలేకపోతే టాపిక్ ఇంకా పెద్దదిగానే ఉందని.

గుళ్లలో శాసనాల ఫొటోలు తీసుకోనిస్తారా? మేమే రాతి మీది అక్షరాలను కాగితం మీదికి అచ్చు తీయొచ్చా?

గుడిని బట్టి ఉంటుంది. తిరుమల ఆలయం లోపలికి ఫోనూ కెమెరా వెళ్లవు, దానికి అచ్చయిన సంపుటాలే దిక్కు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుళ్లకు ఆ శాఖ అనుమతి, దేవాదాయ శాఖ గుళ్లకు ఈవో గారి అనుమతి, యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం పట్టుకుని వెళ్లండి. పూజారి గారిని, ఊళ్లో పెద్దవాళ్లను ముందు పలకరించండి. పొలంలో పడి ఉన్న రాయి సంగతి చెప్పేది వాళ్లే.

అచ్చు తీయడం మాత్రం నేర్చుకున్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన పని. రాతిని మెత్తని బ్రష్షుతో నీళ్లు పోసి కడుగుతారు, తడి కాగితం పరుస్తారు, చెక్కిన గుంతల్లోకి కాగితం దిగేదాకా బ్రష్షుతో తడతారు, కాస్త ఆరాక ఇంకు అద్దిన గుడ్డ ఉండతో పైన మెల్లగా అద్దుతారు. గుంతల్లో ఇంకు అంటదు కాబట్టి నల్లటి కాగితం మీద అక్షరం తెల్లగా లేస్తుంది. తొందరపడి గట్టిగా తడితే కాగితం చిరుగుతుంది, ఎక్కువ తడిగా ఉంటే ఇంకు ఊరి అక్షరం పోతుంది. అనుమతి లేకుండా, పద్ధతి తెలియకుండా చేయకండి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, పిండి పూయడం, నూనె రాయడం అసలే వద్దు, వాటివల్ల రాయి పాడవుతుంది, తర్వాత చదివేవాళ్లు మీ గీతనే అక్షరం అనుకుంటారు. మామూలు ఫొటోకైతే ఒకరు టార్చి లైటు పక్కవాటుగా పట్టుకుంటే చాలు, నీడలు పడి అక్షరాలు తేలతాయి.

కోడింగ్ రాకపోతే డిజిటల్ పని చేయలేనా?

చేయగలరు. ముందు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలో, తెలుగు, తమిళం వేగంగా టైప్ చేయడం రావాలి. మన ఊళ్లలో డీటీపీ సెంటర్ వాళ్లు ఇప్పటికీ అను ఫాంట్లలో కొడతారు, ఆ ఫైలును కంప్యూటర్ తెలుగుగా వెతకలేదు, కన్వర్టర్‌తో మార్చినా ఒత్తుల దగ్గర తప్పులు పడుతుంటాయి, అంతా మళ్లీ చూసుకోవాలి. పాత అక్షరాలకు కూడా ఇప్పుడు యూనికోడ్‌లో చోటుంది: శాసనాల్లో వచ్చే ‘ఴ’, గ్రంథ లిపి మొత్తం 2014లో చేరాయి.

రెండోది స్ప్రెడ్‌షీట్, క్రమశిక్షణతో. తేదీల సంగతే చూడండి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరికీ తెలుసు. కృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమలకు వచ్చింది శక 1434, ఆంగీరస సంవత్సరంలో. 78 కలిపితే 1512. కానీ ఆయన వచ్చింది 1513 ఫిబ్రవరిలో, ఎందుకంటే శక సంవత్సరం ఉగాదికి మారుతుంది, జనవరి నుంచి ఉగాది దాకా 79 కలపాలి. ఫార్ములా పెట్టి కాలమ్ మొత్తం లాగేస్తే ఇలాంటి తప్పులు వందల్లో పడతాయి. అందుకే శాసనంలో ఉన్న తేదీ ఉన్నట్టుగా ఒక కాలమ్‌లో, మీరు లెక్కగట్టింది ఇంకో కాలమ్‌లో ఉండాలి.

ఆ తర్వాత ఎపిడాక్ నేర్చుకోండి. టీఈఐ అనే ప్రమాణం నుంచి శాసనాల కోసం తయారైన పద్ధతి అది, ఏ అక్షరం స్పష్టంగా ఉంది, ఏది చెరిగిపోయింది, ఏది పరిష్కర్త ఊహించి పూరించాడు అన్నది గుర్తులతో చెబుతుంది. మ్యాపులకు క్యూజీఐఎస్, ఇది ఉచితం. పైథాన్ చివర్లో, అవసరం పడితే.

ఇప్పుడు ఏఐ వచ్చేసింది కదా, శాసనాలు అదే చదివేస్తే మా చదువు ఎందుకు?

అచ్చయిన తెలుగు పుస్తకాన్ని ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) బాగానే చదువుతోంది. ట్రాన్స్‌క్రైబస్, ఈస్క్రిప్టోరియం లాంటి సాఫ్ట్‌వేర్లకు తాళపత్రాలు చదవడం కూడా నేర్పించొచ్చు, కానీ నేర్పించడానికి ముందు ఎవరో ఒకరు ఎన్నో పత్రాలు తప్పుల్లేకుండా చదివి రాసివ్వాలి కదా, ఆ మనిషి మీరే కావాలి. ఇంకో ప్రమాదం, అరిగిపోయిన చోట యంత్రం నమ్మశక్యంగా ఉండే మాట ఒకటి వేసేస్తుంది, అది ఊహ అని ఎక్కడా చెప్పదు. ఊరి పేరులో ఒక్క అక్షరం అలా తప్పుగా పడితే దానం ఒక గ్రామం నుంచి ఇంకో గ్రామానికి మారిపోతుంది. పక్కన కూర్చుని ‘ఇక్కడ రాయి పగిలింది, ఈ అక్షరం కనిపించడం లేదు’ అని చెప్పగలిగినవాళ్ల అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు.

పెళ్లయింది, పాప పుట్టింది. పీహెచ్‌డీ మానేయమంటున్నారు ఇంట్లో.

మానేయకండి తల్లీ. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, ఆడవాళ్లకు దాని మీద మరో రెండేళ్లు కూడా ఇవ్వొచ్చు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఉంది. ఆ నిబంధనలు ప్రింట్ తీసి ఆఫీసుకు పట్టుకెళ్లండి. ఫీల్డ్‌వర్క్ వీలుకాని ఏడాది అచ్చయిన సంపుటాల నుంచి డేటా ఎక్కించుకోవచ్చు, అది ఇంట్లో కూర్చుని అయ్యే పని.

## ఉద్యోగం

మా అబ్బాయి ఇది చదివితే ఉద్యోగం వస్తుందా, లేదా? ఉన్నదున్నట్టు చెప్పండి.

అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు వస్తే యూజీసీ స్కేలులో మొదటి బేసిక్ 57,700, మంచి జీతం. కష్టమంతా ఆ పోస్టు రావడంలోనే ఉంది. ఖాళీలు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం, ఇచ్చాక కోర్టు కేసులు. ఈలోగా చాలామంది గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్లకేళ్లు గడుపుతున్నారు, ఆ డబ్బుతో కుటుంబాన్ని నడపడం చాలా కష్టం. ఇది తెలిసే రావాలి.

యూనివర్సిటీ ఒక్కటే దారి అనుకోవద్దు. భారత పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది, దానికి వేరే నియామకాలు జరుగుతాయి. మ్యూజియాలు, ఆర్కైవ్స్, తాళపత్రాల డిజిటైజేషన్ ప్రాజెక్టులు ఉన్నాయి. 2025 కేంద్ర బడ్జెట్‌లో కోటికి పైగా రాతప్రతుల కోసం జ్ఞాన భారతం మిషన్ ప్రకటించారు, లిపి చదివేవాళ్లు లేకుండా అలాంటి పని నడవదు. భారతీయ భాషల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలకూ పాత తెలుగు తెలిసినవాళ్లు కావాలి. ఇంటి పరిస్థితి బాగాలేనివాళ్లకు నా సలహా, బీఈడీ గానీ లైబ్రరీ సైన్స్ గానీ పక్కన ఉంచుకోండి. చదువు మీద ప్రేమ తగ్గిందని ఎవరూ అనరు.

పీహెచ్‌డీ లేకుండా లెక్చరర్ పోస్టుకు అప్లై చేయొచ్చా?

చేయొచ్చు. 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) ఉంటే చాలని యూజీసీ చెప్పింది. ఇంటర్వ్యూలో పీహెచ్‌డీ ఉన్నవాళ్లతో పోటీ తప్పదు.

## విదేశాలు, బయటి ప్రపంచం

ఫారిన్‌లో పీహెచ్‌డీ చేయాలంటే లక్షలు కావాలా?

సొంత డబ్బుతో అయితే వెళ్లొద్దు, ఈ సబ్జెక్టులో అప్పు తీర్చడం కష్టం. అమెరికాలో మంచి యూనివర్సిటీలు పీహెచ్‌డీ విద్యార్థికి ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి, అప్లికేషన్లు ఎక్కువగా డిసెంబర్‌లో. యూరప్‌లో ప్రాజెక్టు కింద జీతంతో తీసుకునే పద్ధతి ఉంది. ధర్మ అనే ప్రాజెక్టు 2019 నుంచి 2025 దాకా యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ డబ్బుతో నడిచింది, దక్షిణ, ఆగ్నేయ ఆసియా శాసనాలను ఎపిడాక్‌లో పెట్టింది, అందులో తెలుగు నేల శాసనాలూ ఉన్నాయి. హాంబర్గ్‌లో రాతప్రతుల అధ్యయనానికే ఒక కేంద్రం ఉంది. అక్కడ కూడా పర్మనెంట్ ఉద్యోగాలు కరువే, ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లకే ఇచ్చే పరిశోధన ఉద్యోగం) నుంచి ఇంకో పోస్ట్‌డాక్‌కి ఊళ్లు మారుతూ బతికేవాళ్లు ఎక్కువ.

అంత దూరం ఆలోచించే ముందు పాండిచ్చేరి వెళ్లి రండి. 1955లో పెట్టిన ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ అక్కడే ఉంది, దాని శైవ తాళపత్రాలకు 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సంస్కృత, తమిళ పండితులు, విదేశీ పరిశోధకులు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక శ్లోకం మీద గంటసేపు వాదించుకోవడం మన తిరుపతి పిల్లలు ఒక్కసారైనా చూడాలి.

విదేశీ ప్రొఫెసర్‌కి మెయిల్ రాశాను, జవాబు రాలేదు. ఏం తప్పు చేశాను?

మెయిల్ పొడుగ్గా ఉండి ఉంటుంది, లేదా పొగడ్తలతో మొదలై ఉంటుంది. నాలుగు వాక్యాలు చాలు: మీరెవరు, ఏ భాషలూ లిపులూ చదవగలరు, ఆయన లేదా ఆవిడ రాసినదాంట్లో మీకు పనికొచ్చింది ఏది, మీరు అడిగేది ఏమిటి. దానికి ఒక పేజీ జతచేయండి, మీరు సొంతంగా చదివిన శాసనం ఫొటో, దాని పాఠం, మీ అనువాదం. మార్కుల జాబితా చూసి స్పందించనివాళ్లు కూడా ఆ పేజీని తెరిచి చూస్తారు. మూడు వారాలు చూసి ఒక్కసారి గుర్తుచేయండి, అంతకుమించి వద్దు.

కాన్ఫరెన్సులకు వెళ్లాలంటే ఎక్కడ?

మధ్యయుగ అధ్యయనాల పెద్ద సభలు అమెరికాలోని కలమజూ ఊళ్లో మే నెలలో, ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జూలైలో జరుగుతాయి. ఎక్కువ భాగం యూరప్ మీదే ఉంటుంది. మన దేశంలో డిజిటల్ హ్యుమానిటీస్ వాళ్ల సంఘం ధర్తి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. డబ్బు తీసుకుని ఎవరి పేపరైనా వేసే పత్రికలకు, హోటల్ కాన్ఫరెన్సులకు ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

నేను టైప్ చేసిన శాసనాల డేటా నెట్లో పెడితే కాపీరైట్ కేసు అవుతుందా?

శాసనం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. దాన్ని అచ్చువేసిన పరిష్కర్త రాసిన పీఠిక, అనువాదం, నోట్సు మీద ఉండొచ్చు: మామూలుగా రచయిత చనిపోయాక 60 ఏళ్లు, ప్రభుత్వ ప్రచురణ అయితే అచ్చయ్యాక 60 ఏళ్లు. అనువాదం మీదే చేసుకోండి, పాఠం ఎక్కడి నుంచి తీసుకున్నారో సంపుటం, సంఖ్యతో సహా ప్రతి వరుసలో రాయండి. ఫొటోకి అనుమతి ఇచ్చినవాళ్ల షరతులు చూసుకోండి. డేటాను గూగుల్ డ్రైవ్‌లో వదిలేయకుండా జెనోడోలో పెట్టండి, యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ నడిపే భాండాగారం అది, ఉచితం, మీ డేటాకు ఎప్పటికీ మారని గుర్తింపు సంఖ్య (డీవోఐ) ఇస్తుంది, దాంతో మీ పనిని మిగతావాళ్లు మీ పేరుతో ఉదహరించగలుగుతారు. థీసిస్ సబ్మిట్ అయ్యేదాకా బయటపెట్టడం ఇష్టం లేకపోతే ఫైలును అందులోనే కొంతకాలం మూసి ఉంచే వీలు కూడా ఉంది.